అన్నీ ఆపేసినా మెరిసిన మీటరు: మా కరెంటు బిల్లు డైరీ

ఏప్రిల్ 8, 2025

నిన్న రీడింగు తీసే అబ్బాయి వచ్చి చీటీ చింపి గేటుకు గుచ్చి వెళ్ళాడు. 318 యూనిట్లు. 2,324 రూపాయలు. పోయినేడు ఇదే నెల చీటీ బీరువాలో వెతికి తీశాను, 187 యూనిట్లు. ఇంట్లో మనుషులు పెరగలేదు, కొత్త సామాను కొనలేదు, ఏసీ రిమోటుకు ఇంకా బ్యాటరీలు కూడా వేయలేదు.

మాది నెల్లూరులో వేదాయపాళెం వైపు. కింద మేము, పైన అద్దెకు ఒక జంట. మా ఆయనకు కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు డ్యూటీ. అందుకని ఇంటి లెక్కలన్నీ నేనూ, మా మామయ్యే చూస్తాం. మామయ్య ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చీటీ చూసి ఆయన అన్న మొదటి మాట: "ఓపెనింగ్ నంబరూ క్లోజింగ్ నంబరూ మనం చూసుకోకుండా ఎవురో కొట్టిచ్చిన చీటీకి డబ్బులు కట్టేదేంది అమ్మాయ్?"

రాత్రి చీటీ ముందేసుకుని కూర్చున్నా. మన రాష్ట్రంలో 2022 నుంచి ఇళ్ళన్నిటికీ ఒకటే వరస. మొదటి 30 యూనిట్లకు 1.90, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మా 318లో మొదటి 225 యూనిట్లకు అయింది 1,017 రూపాయలు. మిగిలిన 93 యూనిట్లకే 813 పైచిలుకు. తోక చిన్నదే, బరువు మాత్రం తలతో పోటీ. మామయ్యకు ఇంకా పాత భయం ఉంది, 225 దాటితే మొత్తం యూనిట్లకు రేటు మారిపోతుందని. వాడకాన్ని బట్టి ఇళ్ళను గ్రూపులుగా విడగొట్టిన రోజుల్లో ఆ భయానికి అర్థం ఉండేది. ఇప్పుడు దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు. "పోనీలే, అదొక్కటి మేలు" అన్నారు.

రీడింగు 33 రోజులకు తీశారని నాకు ముందు ఒళ్ళు మండింది. నింపాదిగా లెక్కేస్తే అందులో పెద్ద నష్టం లేదు. ఈ నెల ఎక్కువైన మూడు రోజులు వచ్చే నెలలో తగ్గుతాయి. ఒక నెల 225 పైన, ఇంకో నెల కింద ఉన్నవాళ్ళకే అది తగులుతుంది. మేము రెండు నెలలూ పైనే ఉండేలా ఉన్నాం, దాని గురించి ఏడవడం దండగ.

ఏడవాల్సింది వేరే ఉంది. యూనిట్ల ధర కాక సర్దుబాటు చార్జీ అని యూనిట్‌కు 40 పైసలు. అది కాక పాత బాకీ సర్దుబాట్లు. 2022-23లో వాడిన కరెంటుకు కొనుగోలు ఖర్చు ఎక్కువైందని, అప్పుడు వాడిన యూనిట్ల లెక్కన 2024 డిసెంబరు నుంచి 15 నెలలు వసూలు చేస్తున్నారు. ఆ బాకీ మనిషికి కాదు, సర్వీసు నంబరుకు. పైన ఉండేవాళ్ళు మొన్న జనవరిలో దిగారు. అంతకు ముందున్నవాళ్ళు 2022లో తిప్పిన ఫ్యాన్లకు వీళ్ళు కడుతున్నారు. ఆ సంగతి చెబితే పైనున్న అబ్బాయి, "వాళ్ళ పెళ్ళికి పోయింది కూడా లేదే అక్కా" అన్నాడు.

మా జిల్లాలోనే ముత్తుకూరు దగ్గర నేలటూరులో 2400 మెగావాట్ల ప్లాంటు ఉంది. పోర్టుకు పోయేదారిలో పొగ గొట్టాలు కనపడతాయి. మా ఆయన రోజూ వాటిని చూసుకుంటూ డ్యూటీకి పోయి, ఇంటికొచ్చి బిల్లు చూస్తారు.

ఏప్రిల్ 9

పాప పాత లెక్కల నోటుబుక్కులో సగం పేజీలు ఖాళీగా ఉంటే అదే తీసుకున్నాం. మామయ్య స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు వేశారు. తేదీ, ఓపెనింగ్, క్లోజింగ్, తేడా, రిమార్కులు. మీటర్లు రెండూ మెట్ల కింద పక్కపక్కనే ఉన్నాయి. పొద్దున ఆరింటికి 14,216.

ఏప్రిల్ 16

వారం గడిచింది. 14,293. ఏడు రోజులకు 77, అంటే రోజుకు 11 యూనిట్లు.

వారం మధ్యలో ఆదివారం నాడు జరిగింది రాయాలి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది కదా, దాని పక్కన 3200 అని రాసి ఉంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. మీ మీటరు మీద వేరే అంకె ఉండొచ్చు, చూసుకోండి. మా 3200కు లెక్క సులువు. ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూసి, 1125ని దానితో భాగిస్తే ఆ నిమిషాన ఎన్ని వాట్లు వాడుతున్నామో వస్తుంది. పదిహేను సెకన్లు పడితే 75 వాట్లు, ఒక ఫ్యాను.

మామయ్య స్టూలు వేసుకుని మీటరు దగ్గర కూర్చున్నారు. నేను లోపల ఒక్కొక్కటే వేస్తూ వచ్చాను. ఫ్రిజ్ ఒక్కటే ఉంచితే ఎనిమిది సెకన్లు, 140 వాట్లు. పాత ఫ్రిజ్ అది, రోజులో సగం సేపు మోటారు నడుస్తూనే ఉంటుంది. టీవీ ఆపేసినా సెట్‌టాప్ బాక్సు 12 వాట్లు లాగుతోంది, వెలుగుతూ ఉంటుందన్న సంగతే మాకెప్పుడూ తట్టలేదు. బోరు మోటారు వేస్తే లైటు టకటకా కొట్టుకుంది. మామయ్య "లెక్కపెట్టలేను, ఆపు ఆపు" అని అరిచారు.

ఇలా ఒక్కొక్క సామానూ ఎన్ని గంటలు వాడతామో రాసి కూడితే రోజుకు ఆరున్నర యూనిట్లు వచ్చింది. ఫ్యాన్లు నాలుగూ కలిపి 3, ఫ్రిజ్ 1.8, మోటారు 0.7, మిగతావన్నీ కలిపి 1. మీటరేమో 11 అంటోంది. మిగిలిన నాలుగున్నర ఏమైనట్టు?

మధ్యాహ్నం రెండున్నరకు, భోజనాలయ్యాక, బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే చిన్న స్విచ్‌లు, ఎంసీబీలంటారు, అన్నీ దించేశాను. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పాప గోల మొదలైంది. బయటికొచ్చి చూస్తే మీటరు మెరుస్తూనే ఉంది. అదీ నెమ్మదిగా కాదు. పది మెరుపులకు తొమ్మిది సెకన్లు. 1,250 వాట్లు! ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు. పక్కనే ఇంకో చిన్న లైటు, కింద ఈ.ఎల్. అని అక్షరాలు. అది కూడా వెలుగుతోంది. అదేంటో తెలీక నోటుబుక్కులో రిమార్కుల గడిలో రాసి పెట్టాను. ఆ గడిలో రాసిన మొదటి మాట అదే.

"మీటరు చెడిపోయింది" అని తీర్మానించుకున్నాం. మర్నాడు అంబేడ్కర్ జయంతి, ఆఫీసు సెలవు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నంబరు ఇచ్చారు.

ఏప్రిల్ 18

గోరుచుట్టు మీద రోకటి పోటు. సైడు కాలవ తవ్వుతూ కేబుల్ తెంపేశారు, మూడు రోజులుగా ఇంటర్నెట్ లేదు. కనెక్షన్ వాళ్ళు పోయిన నెలే వంద రూపాయలు పెంచారు. ఫోన్ చేస్తే పాట వినిపించి, ఒకటి నొక్కు రెండు నొక్కు అని తిప్పి, మళ్ళీ మొదటికే తెచ్చారు. లోకల్ కుర్రాడికి చేస్తే "పైనుంచే లేదక్కా" అంటాడు. పైనుంచి అంటే ఎక్కడినుంచో ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. మూడు రోజుల డబ్బు తగ్గించమంటే అట్టాంటి ఆప్షన్ లేదట. దీని మీద ఇంతకంటే రాయను, నోటుబుక్కు కరెంటుది.

ఏప్రిల్ 22

ఫిర్యాదు ఇచ్చిన తొమ్మిదో రోజు, పదకొండు గంటలకు లైన్‌మన్ వచ్చాడు. నేను ఉత్సాహంగా ఎంసీబీలన్నీ దించి, "చూడన్నా, అన్నీ ఆపేసినా ఎట్టా మెరుస్తుందో" అన్నాను. మీటరు చచ్చినట్టు ఊరుకుంది. ఒక్క మెరుపు లేదు. నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. నా మొహం చూశాడు.

"మీటరు బ్రహ్మాండంగా ఉండాది మేడమ్. ఎండాకాలం గదా, వాడకం ఎక్కువయింటది."

ఈ.ఎల్. లైటు గురించి అడిగాను. "అదా, ఒక్కోసారి అట్నే వస్తాది. దానికీ బిల్లుకూ సంబంధం లేదు" అన్నాడు. ఆ మాట కూడా రిమార్కుల్లో రాసుకున్నాను, తేదీతో సహా. (తర్వాత కలిపిన మాట: నాలుగు రోజులకే సంబంధం తేలి ఉండేది అతను ఒక్క ముక్క చెప్పి ఉంటే. మాకు దాదాపు మూడు వారాలు పట్టింది.)

సాయంత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని.

ఏప్రిల్ 24

ఆఫీసుకు నేనే పోయాను. కరెంటు వినియోగదారుల హక్కుల మీద కేంద్రం నిబంధనలు 2020లో వచ్చాయి. 2024లో వాటిని సవరించారు. వాడకానికీ రీడింగుకూ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో ఇంకో మీటరు పక్కన పెట్టి, కనీసం మూడు నెలలు రెండిటినీ పోల్చి చూడాలని ఆ సవరణలో ఉంది. ఆ పేజీ జిరాక్సు తీయించి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. "ఇది ఢిల్లీదమ్మా" అన్నాడు. మరి మనది ఏ దేశమో! పక్క కుర్చీలో ఆయన కాస్త మర్యాదగా, చలానా కట్టి మీటరు టెస్టింగుకు పెట్టుకోమన్నాడు. మీటరు బాగుందని తేలితే ఆ డబ్బు పోయినట్టే. లైన్‌మన్ ముందు నా పరువు ఎట్టా పోయిందో గుర్తొచ్చి, ఆలోచించుకుని వస్తానని లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 30

పైవాళ్ళు శుక్రవారం రాత్రి ఊరికి పోయి నిన్న రాత్రి వచ్చారు. ఈ నాలుగు రోజుల లెక్క: 27 యూనిట్లు. రోజుకు ఏడు కూడా లేదు.

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు కానీ నోటుబుక్కు కూడా అదే చెబుతోంది. వాళ్ళున్నప్పుడు 11, లేనప్పుడు 7. ఆ రోజు లైన్‌మన్ వచ్చింది మంగళవారం పొద్దున, పైనబ్బాయి మెడికల్ షాపులో డ్యూటీలో ఉన్నాడు. నేను చూసింది ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళు తలుపేసుకుని ఏసీ వేసుకుని నిద్రపోయే వేళ.

మే 2

మామయ్య ఆగలేకపోయారు. మెట్లు దిగుతున్న అబ్బాయిని ఆపి, "మా మీటర్లోంచి లైను ఏమన్నా లాక్కున్నారా నాయనా?" అని అడిగేశారు. ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. "పెద్దాయనా, నాకు నెలకు 1,900 బిల్లు వస్తుండాది. మీ కరెంటు వాడుకుంటా ఉంటే నాకంత ఎందుకొస్తది?" అన్నాడు. దానికి మా దగ్గర సమాధానం లేదు. రాత్రి అతని భార్య రోజూ ఇచ్చే పెరుగు గిన్నె కూడా పంపలేదు. వాళ్ళు ఖాళీ చేస్తారేమోనని నాకు ఒకటే టెన్షన్.

మే 4

కత్తెర ఎండలు మొదలు. రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ ముట్టుకుంటే సుర్రుమంటోంది.

ఈ రోజు ఒక పని చేశాం, ముందే చేయాల్సింది. ఇన్నాళ్ళూ బోర్డులో చిన్న ఎంసీబీలు దించానే గానీ, మీటరు పక్కనుండే పెద్ద మెయిన్ స్విచ్ ముట్టుకోలేదు. పైన ఏసీ నడుస్తోంది, మా మీటరు మెరుస్తోంది. మెయిన్ దించాను. మెరుపు ఆగింది. మరుక్షణం పైనుంచి కేక: "అక్కా! ఏసీ ఆగిపోయింది! హాల్లో ఫ్యాను తిరుగుతానే ఉండాది!"

"చూశావా" అన్నారు మామయ్య. గెలిచిన మొహం.

ఆ అబ్బాయి దిగి వచ్చాడు. కోపంగానే ఉన్నాడు. కానీ తెలివైనవాడు. మా మెయిన్ ఎత్తించాడు, పైన ఏసీ మళ్ళీ వేయించాడు. అప్పుడు తన మీటరు మెయిన్ తనే దించాడు. ఏసీ ఆగిపోయింది!

అందరం మెట్ల కింద నిలబడిపోయాం. మాది ఆపినా ఏసీ ఆగుతుంది, వాళ్ళది ఆపినా ఏసీ ఆగుతుంది. దొంగ లైనైతే ఒక్క మీటరుతోనే కదా నడవాలి? ఆ అమ్మాయి మెట్ల మీంచి వంగి చూస్తూ, "అయితే మా ఏసీకి రెండు మీటర్లా అక్కా?" అని నవ్వింది. ఆ రాత్రి అందరిలోకీ సరైన మాట అన్నది ఆ అమ్మాయేనని తర్వాత తెలిసింది.

మే 8

రీడింగు అబ్బాయి నిన్న వచ్చాడు. 338 యూనిట్లు, 2,512. కట్టేశాను. ఈసారి చీటీలో అంకె మా నోటుబుక్కుతో సరిపోయింది, మామయ్యకు అదొక తృప్తి.

మే 11

ఈ డైరీలో ఇదే అసలు రోజు.

పైనబ్బాయి తన ఊరివాడైన ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఐటీఐ చేసిన కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. చేతిలో పటకారులా తెరుచుకునే టాంగ్ టెస్టర్, వైరును పట్టుకుంటే అందులో ఎంత కరెంటు పారుతుందో చూపిస్తుంది. పైన ఏసీ వేయించి, మా బోర్డు మూత విప్పి, ఎంసీబీలు దించి, మీటరు నుంచి ఇంట్లోకి కరెంటు తెచ్చే ఫేజు వైరును టెస్టర్‌తో పట్టుకున్నాడు. సున్నా. దాన్ని వెనక్కి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరును పట్టుకున్నాడు. 5.6 ఆంప్స్.

"ఇదక్కా మీ దొంగ" అన్నాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఫేజులో ఎంత కరెంటు వెళ్తుందో న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. ఇప్పటి మీటర్లు రెండు వైర్లలోనూ కొలుస్తాయి. రెండూ సమానంగా లేకపోతే ఏది ఎక్కువుంటే దాని లెక్కన బిల్లు వేస్తాయి. ఒకప్పుడు కొందరు న్యూట్రల్‌ను తప్పించి భూమిలోకి కలిపి మీటరును మోసం చేసేవాళ్ళట, దానికి విరుగుడు ఇది. రెండిటికీ తేడా వస్తే వెలిగేదే ఈ.ఎల్. లైటు, ఎర్త్ లోడు. "బిల్లుకు సంబంధం లేదన్నారే" అంటే కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

పైన వెనక గది మేము 2019లో వేయించాం. ఆ గదికి ఫేజు పై మీటరు నుంచే తెచ్చారు. న్యూట్రల్‌కు మాత్రం పై బోర్డు దాకా వైరు లాగే ఓపిక లేక, గోడ పక్కనుంచి మా బోర్డులో కలిపేసి చేతులు దులుపుకున్నారు. అదీ ఎర్ర వైరుతో. న్యూట్రల్ నల్లగా ఉండాలని అందరికీ తెలుసు, ఆ రోజు సంచిలో ఉన్న చుట్ట ఎరుపై ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ గదిలో ఒక ఫ్యానూ ఒక లైటే కాబట్టి మా బిల్లులో తెలియలేదు. వీళ్ళు జనవరిలో వచ్చి అక్కడ ఏసీ బిగించారు, మార్చి నుంచి వేస్తున్నారు. ఆ కరెంటు పై మీటరు గుండా వెళ్ళి, మా మీటరు గుండా తిరిగి వస్తోంది. పై మీటరు ఫేజును చూసి బిల్లు వేసింది, మా మీటరు న్యూట్రల్‌ను చూసి బిల్లు వేసింది. ఒక్క ఏసీకి రెండు బిల్లులు.

మామయ్య కాసేపు ఆలోచించి ఆయన భాషలో చెప్పుకున్నారు: "పాసింజరు ఒకడే. ఆత్మకూరు పోయేటప్పుడు ఆ బస్సెక్కినాడు, తిరిగొచ్చేటప్పుడు మన బస్సెక్కినాడు. ఇద్దరు కండక్టర్లూ రానూపోనూ చార్జీ కొట్టేశారు." ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అక్కడితో అయిపోలేదు. బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ తేడా వస్తే, అంటే కరెంటు ఎక్కడో పక్కదారి పడితే, పడిపోయి ప్రాణం కాపాడే స్విచ్. 30 మిల్లీ ఆంపుల తేడాకే పడాలి. 5.6 ఆంపులకు ఎందుకు పడలేదు? కుర్రాడు వేలు పెట్టి చూపించాడు. దానికి పోయే వైర్లను ఊడదీసి పక్కనుంచి నేరుగా కలిపేశారు. డమ్మీగా బిగించి ఉంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. గది వేసిన కొత్తలో ఆ స్విచ్ ఊరికే పడిపోతుంటే, "ఇది క్వాలిటీ పీసు కాదమ్మా" అని ఆ పనివాడే డైరెక్టు చేసి వెళ్ళాడు. నేనే దగ్గరుండి టీ ఇచ్చాను. మొరిగే కుక్కను కట్టేయించి, ఇప్పుడు ఊరంతా దొంగను వెతికాం.

ఇంకోటి. మా మెయిన్ దించినప్పుడు పైన ఏసీ స్విచ్ ఆన్‌లో ఉంటే, ఆ ఎర్ర వైరు గుండా మా బోర్డు న్యూట్రల్‌లోకి కరెంటు వచ్చి కూర్చుంటుంది. మెయిన్ ఆపాం కదా అని ధీమాగా చెయ్యి పెట్టినవాడికి షాక్. మే 4న నేను ఆ బోర్డు ముందు తడి చేతులతో నిలబడ్డాను. బిల్లు సంగతి మర్చిపోయి కాసేపు కుర్చీలో కూర్చున్నా.

పని: ఎర్ర వైరు పీకేసి, పై బోర్డు నుంచి వెనక గదికి నల్ల వైరు కొత్తగా లాగాలి. పాత పైపు సిమెంటుతో మూసుకుపోయింది, స్ప్రింగు కూడా దూరలేదు. గోడ మీదే కేసింగ్ వేసి తీసుకెళ్ళాడు. అందంగా లేదు. 18 మీటర్ల వైరు, కేసింగ్, కొత్త ఆర్‌సీసీబీ, కూలీ 1,200. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు అయింది. పైనబ్బాయి సగం ఇస్తానన్నాడు. ఇల్లు మాది, తప్పు మాది, వద్దన్నాను. మామయ్య ఏమీ అనకుండా లోపలికి పోయి, ఆ అబ్బాయికి మజ్జిగ తెచ్చి తన చేత్తో ఇచ్చారు. వాళ్ళిద్దరి మధ్యా క్షమాపణ అంతే.

సాయంత్రం ఆరింటికి అన్నీ దించి చూశాం. పైన ఏసీ నడుస్తోంది. మా మీటరు మీద ఒక్క మెరుపు లేదు, ఈ.ఎల్. లైటు లేదు. కొత్త ఆర్‌సీసీబీ పడలేదు. టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. నెలకోసారి నొక్కి చూడమని చెప్పి వెళ్ళాడు.

పెరుగు గిన్నె వచ్చింది.

మే 19

వారం సగటు 7.8. మా ఏసీ రాత్రిళ్ళు గంటన్నర వేస్తున్నాం, అది కలిపి. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కూడా తిప్పితే చాలుతోంది.

మా వీధిలో ఒకాయన సోలార్ పెట్టించుకోమని ఒకటే పోరు. కేంద్రం పథకంలో రెండు కిలోవాట్లకు 60,000, మూడు పెడితే 78,000 సబ్సిడీ ఉంది, నిజమే. కానీ పోయిన నెలే ఆ మాట విని పెట్టించి ఉంటే, మిద్దె మీద తయారైన కరెంటుతో పైవాళ్ళ ఏసీ లెక్క కట్టుకుంటూ ఉండేవాళ్ళం. చిల్లు కుండకు పెద్ద చెంబు కొన్నట్టు. ఇప్పుడు ఆలోచించొచ్చు, తొందర లేదు.

ముందు చిన్నవి చేశాం. హాల్లోనూ పడకగదిలోనూ ఎక్కువ తిరిగే రెండు ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయించాం. 75 వాట్లది 30కి వచ్చింది. రెండూ రోజుకు పదహారు గంటలు తిరుగుతాయి కాబట్టి నెలకు 43 యూనిట్ల దాకా తేడా. ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్పించాను. సెట్‌టాప్ బాక్సు రాత్రి ఆపేసే బాధ్యత పాపది, ఇప్పటికి మూడుసార్లు మర్చిపోయింది.

జూన్ 8

250 యూనిట్లు. ఇందులో మొదటి నాలుగు రోజులు పాత తప్పుతోనే నడిచాయి. బిల్లు 1,696.

మార్చి నుంచి మే దాకా మేము ఎక్కువ కట్టింది లెక్కేశాను. రోజుకు నాలుగున్నర చొప్పున అరవై రోజులు అనుకుంటే 270 యూనిట్లు, ఎక్కువ భాగం 8.75 శ్లాబులో, కొన్ని 6 రూపాయల శ్లాబులో. సర్దుబాటు చార్జీ కలిపి దగ్గర దగ్గర 2,400. వాడని కరెంటుకు. ఒకే యూనిట్‌కు రెండు ఇళ్ళ దగ్గర తీసుకున్నారు కాబట్టి ఒకటి వెనక్కి ఇవ్వమని, నోటుబుక్కు జిరాక్సుతో సహా అర్జీ ఇచ్చాను. మీటరు దాటాక లోపలి వైరింగు వినియోగదారుడి బాధ్యత అన్నారు. ఆ మాట నిజం, దాని మీద నేను వాదించను. నా వాదన వేరు. తేడా ఉందని మీ మీటరే లైటు వేసి చెప్పింది. ఆ లైటు అర్థం తెలిసిన మనిషి ఏప్రిల్ 22న నా మెట్ల కింద నిలబడి, సంబంధం లేదని చెప్పి పోయాడు. ఆ రోజు నుంచి మే 11 దాకా అయినా లెక్క చూడండి అన్నాను. రాసుకున్నారు.

మామయ్య వదిలేలా లేరు. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. తెల్లకాగితం మీద కార్బన్ పెట్టి మూడు కాపీలు రాస్తున్నారు. "రిమార్కుల గడి చూపిస్తా" అంటున్నారు. రెండు వేల కోసం ఇంత తిరుగుడా అని మా ఆయన అంటే, "చిల్లర బాకీ టిక్కెట్టు వెనక రాసిచ్చినోణ్ణి నేను, ఒక్క రూపాయి ఎగ్గొట్టలా" అన్నారు.

జూలై 9

213 యూనిట్లు, 1,378 రూపాయలు. 225 లోపలికి వచ్చాం.

సాయంత్రం పైనబ్బాయి చీటీ పట్టుకుని దిగాడు. "అక్కా, మీ బిల్లు ఇంత తగ్గిందే, మాది పెద్దగా తగ్గలేదేం?" అన్నాడు. నీది మొదటినుంచీ సరిగ్గానే వస్తోంది, ఎక్కువ పడింది మాకే అని చెప్పాను. బస్సు కథ మామయ్య రెండోసారి చెప్పారు. తల ఊపాడు గానీ నమ్మినట్టు లేడు. వాళ్ళ వంటింటి వైరింగు కూడా 2019లో ఆ మనిషే మార్చాడని ఎవరో చెప్పారట.

నోటుబుక్కులో ఇంకా పదకొండు పేజీలున్నాయి. మామయ్య అప్పుడే గీతలు కొట్టి పైన వాళ్ళ సర్వీసు నంబరు రాసేశారు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు వాళ్ళ ఎంసీబీలు దించాలి. స్టూలు మెట్ల కిందే ఉంచాం.